నల్లంచు బండి

ఆ వేసవిలో అమదేయో నా మొహం వదిలేసి నా చెవితో మాట్లాడటం మొదలుపెట్టాడు.

మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఎదురుగా కూర్చుని బీన్స్ గిన్నె నా వైపు జరిపి, "ఉప్పు తక్కువైంది ముసలీ," అనేవాడు. చూపు మాత్రం నా కుడిచెవి పక్కన, అక్కడ ఇంకెవరో నిలబడి ఉన్నట్టు.

"అటెవరితో మాట్లాడుతున్నావు?" అనేదాన్ని.

"నీకంటే బాగా వండేదానితో."

నేను చేతిలోని గుడ్డ విసిరేదాన్ని. అది భుజానికి తగిలేదాకా అతను కదిలేవాడు కాదు. పాతికేళ్ళుగా నేను విసిరే గుడ్డల్ని తప్పించుకోవడంలో ఆరితేరినవాడు ఇప్పుడెందుకు తప్పుకోవడం లేదని నేను ఆలోచించలేదు.

జూన్ నెల. మా లోయలో కాటన్‌వుడ్ చెట్లు దూది వదిలే కాలం. పంటకాలువ పొడవునా ఆ చెట్లే. గాలి లేకపోయినా ఆ దూది తేలుతూనే ఉంటుంది. కిటికీ తెరల మీద, కుక్కల వీపుల మీద, ఆరేసిన దుప్పట్ల మీద వాలుతుంది, మళ్ళీ లేస్తుంది. ఆ రోజుల్లో పగళ్ళు సగం నిద్రలో గడిచినట్టే ఉండేవి. ఇప్పటికీ ఆ వేసవి గుర్తొస్తే ముందు ఆ తెలుపే కళ్ళ ముందు కదులుతుంది. మనుషులు దాని వెనకనుంచి వస్తారు.

ఒక మధ్యాహ్నం నేను వంటింటి కిటికీ దగ్గర పిండి కలుపుతున్నాను. అమదేయో తాళాలు ఆడిస్తూ ముంగిట్లోకి దిగాడు. మా కారు పొడుగాటి స్టేషన్ వ్యాగన్. వెండి బూడిద రంగు. కొత్తలో దాని బంపర్లు, తలుపుల కింది పట్టీలు, కిటికీల అంచులు, చక్రాల మీది వంపులు, అన్నీ కాటుక నలుపు. న్యూ మెక్సికో ఎండ ఇన్నేళ్ళూ ఆ నలుపును కొంచెం కొంచెంగా తాగేసి, చివరికి పొయ్యిలో బూడిదలా మిగిల్చింది. ముంగిట్లో పరిచిన కంకరదీ అదే రంగు. ఆ రోజు మబ్బు పట్టడంతో ఆకాశానిదీ అదే రంగు.

అతను నేరుగా నడిచాడు. కారును దాటి నడిచాడు. చెయ్యి చాపి, తలుపు పిడి ఉండాల్సిన చోట గాలిని పట్టుకోబోయాడు. దొరకలేదు. ఆగిపోయాడు. గింజను చూసే పిట్టలా తల పక్కకు వాల్చాడు. కారు అతని మోచేతికి జానెడు దూరంలో ఉంది. దూది నెమ్మదిగా అతని టోపీ మీద వాలుతోంది.

నేను పిలవలేదు. పిలిస్తే ఆ చూసినది నిజమైపోతుందనిపించింది. పిండిలో చేతులు అలాగే ఉంచుకుని నిలబడ్డాను.

కాసేపటికి అతని చెయ్యి అద్దానికి తగిలింది. గుర్రాన్ని నిమిరినట్టు కారును నిమిరాడు. తర్వాత ఎక్కకుండానే వెనక్కి తిరిగి ఇంట్లోకి వచ్చాడు.

"తాళాలు మరిచిపోయాను," అన్నాడు.

తాళాలు అతని చేతిలోనే ఉన్నాయి. మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు.

ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపిన మనిషి అమదేయో. ఈ లోయలో నడివయసువాళ్ళ దగ్గర్నుంచి నిన్నమొన్నటి పిల్లల దాకా అతని బస్సు ఎక్కని వాళ్ళు లేరు. మంచు కురిసినా, వాగు పొంగినా, ఏ పిల్లకీ నడిచి ఇంటికి వెళ్ళే అవసరం రాలేదు. నేను స్టీరింగ్ పట్టుకోకపోవడానికి కారణం కూడా అదే. ఎక్కడికి వెళ్ళాలన్నా దించడానికి అతనున్నాడు.

మర్నాడు పొద్దున కాఫీ దగ్గర ఉన్నట్టుండి అన్నాడు. "బండి చూస్తే సిగ్గుగా ఉంది. ఆ అంచులు మళ్ళీ నల్లగా చెయ్యాలి."

"ఇన్నాళ్ళూ లేని సిగ్గు ఇప్పుడొచ్చిందా?"

"నల్లంచు ఉంటే బండికో రూపు ఉంటుంది ఒర్లిందా. ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలుస్తుంది."

ఆ మాట కూడా నా చెవితోనే అన్నాడు. నా పేరు పెట్టి పిలిచాడంటే అది వేళాకోళం కాదు. సరే, చేస్తానన్నాను.

కాలువకు అవతల అతని అక్క ఎలోయిసా ఉంటుంది. భర్త పోయిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే చేతికర్రతో మా ఇంటికి వచ్చి, మేం చేసే ప్రతి పనిలోనూ ఒక తప్పు పట్టి, కాఫీ తాగి వెళ్తుంది. నేను సబ్బునీళ్ళ బకెట్టు పెట్టుకుని పాత పళ్ళబ్రష్షుతో బంపరు తోముతుంటే వచ్చి నిలబడింది.

"సబ్బుతో నలుపు వస్తుందటే? నీ మొహం! వేరుశనగ వెన్న పుయ్యి. ప్లాస్టిక్ నూనె తాగుతుంది."

"తినే వస్తువు కారుకు పూయమంటావేంటి వదినా?"

"నువ్వు చేసే టోర్టియా రొట్టెలు తినే వస్తువులే అని మేం నమ్మడం లేదా?"

అమదేయో గుమ్మంలో కూర్చుని పగలబడి నవ్వాడు. ఆ నవ్వు చూసి నేనూ ఒప్పుకున్నాను. సీసా ఖాళీ అయ్యేదాకా పూశాం. నిజంగానే కొంచెం నల్లబడింది. ఊరంతా వాసన వచ్చిందేమో, పొద్దున లేచి చూస్తే పక్కింటి బెలార్మినో కుక్కలు రెండూ మా కారుకు చెరోవైపు నిలబడి, పూజ చేస్తున్నంత శ్రద్ధగా బంపర్లు నాకుతున్నాయి. అవి నాకినచోటల్లా బూడిదరంగు మళ్ళీ తేలింది.

"కుక్కలకు రుచి తెలుసు. నేను చెప్పినదాంట్లో లోపం లేదు," అంది ఎలోయిసా.

కుక్కలు చేసిన పనికి సిగ్గుపడి బెలార్మినో తన వేడిగాలి యంత్రం తెచ్చిచ్చాడు. తలుపుల మీద పాత రంగు ఒలవడానికి వాడేది. జుట్టు ఆరబెట్టుకునేదానికి రౌడీ అన్నలా ఉంది. బెలార్మినో ఇంటి ఇటుకలు పెట్టడంలో అమదేయో చెయ్యి కూడా ఉంది కాబట్టి అతన్ని అన్నా అనీ, నన్ను వదినా అనీ పిలుస్తాడు.

"మరీ దగ్గర పెడితే ముడతలు పడుద్ది వదినా. దూరం పెడితే ఏమీ అవదు. చెయ్యి మాత్రం ఆగకూడదు. ఇస్త్రీ చేస్తున్నావనుకో."

అమదేయో నన్నే చెయ్యమన్నాడు. తను బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, ముందు కారు రంగుకు వేడి తగలకుండా చుట్టూ టేపు అంటించమన్నాడు. నేను తలుపు కింది పట్టీ మీదికి వేడిగాలి వదిలాను. మొదట ఏమీ జరగలేదు. తర్వాత బూడిదలో ఒక చెమ్మ మెరిసింది. ఆ మెరుపు వెనకే నలుపు కదిలి వచ్చింది. పైనుంచి పూసినట్టు లేదు. ఇన్నేళ్ళూ లోపలే పడుకున్నది లేచి వస్తున్నట్టుంది. నా చెయ్యి ఎటు వెళ్తే అటు అది వెంట వచ్చింది. ఎండలో, ఆ దూది మధ్య, నేను కారు పక్కన మోకాళ్ళ మీద పాకుతూ ఉంటే ఆ నల్లటి గీత నా చేతి కింద పొడుగవుతూ పోయింది. ఎంతసేపు చేశానో నాకు తెలియదు.

అమదేయో కాఫీ కోసం లోపలికి వెళ్ళాడు. గోడను తాకుతూ వెళ్ళాడు. అది చూస్తూ బెలార్మినో గొంతు తగ్గించాడు.

"మంచి పని చేస్తున్నావు వదినా. మాకూ దూరంనుంచే గుర్తుపట్టడం తేలికవుద్ది. అన్న బండి కనపడగానే పక్కకి తీసి ఆగుతాం కదా."

"ఎవరు ఆగుతారు?"

"అందరం. పోస్టాఫీసువాళ్ళు, గడ్డి లారీలవాళ్ళు, అందరం. మంచు కరిగినప్పటినుంచీ." నా మొహం చూసి ఆగాడు. "నీకు తెలుసనుకున్నా."

నేను యంత్రాన్ని మళ్ళీ పట్టీ మీదికి తిప్పాను.

"మా పిల్లల్ని అన్నేళ్ళు గుమ్మం దగ్గర దించినోడు వదినా. ఆయన వస్తుంటే మేం రోడ్డు దిగి నిలబడటం ఒక లెక్కా?"

మాడు వాసన వచ్చింది. నా చెయ్యి ఆగిపోయింది. వెనక తలుపు పట్టీ మీద అరచేతి మేర ప్లాస్టిక్ ముడతలు పడింది. కాగిన పాల మీద మీగడలా.

యంత్రం ఆపేసి అక్కడే కూర్చున్నాను. ఈ నలుపు పూర్తయితే అతనికి కారు దొరుకుతుంది. దొరికితే ఎక్కుతాడు. ఇక్కడితో వదిలేద్దామనుకున్నాను. అప్పుడే అమదేయో మూడు కప్పులు రెండు చేతుల్లో ఇరికించుకుని, కాళ్ళతో నేల వెతుక్కుంటూ వచ్చాడు. ఒక్క చుక్క ఒలకలేదు.

"ఎందాకా వచ్చింది?" అన్నాడు, తిరణాలకు బయలుదేరే పిల్లాడి గొంతుతో.

"సగం అయింది," అన్నాను.

తర్వాత మిగతా సగం కూడా చేశాను. వేడి చల్లారాక అవిసె నూనె గుడ్డతో రుద్దాను. నూనె ఆరేలోపు దూది వచ్చి అంటుకునేది. నేను ఒక్కొక్క పోగూ ఏరుతూ ఉంటే అతను పక్కన కూర్చుని పాత బస్సు కబుర్లు చెప్పేవాడు. టేపులన్నీ పీకేసిన రోజు అతన్ని గుమ్మం దగ్గర నిలబెట్టాను. అతను కారు వైపు చూడలేదు. దాని పక్కన ఎక్కడో, ఆప్రికాట్ చెట్టు మొదలు వైపు చూశాడు. చూసి చూసి నవ్వాడు.

"అదిగో!"

"ఏది?"

"బండి. ముక్కూ తోకా తలుపులూ, అన్నీ ఉన్నాయి. గీత గీసినట్టుంది ఒర్లిందా. ఎంత బాగుంది!"

కంకర మీద తడబడకుండా నడిచి వెళ్ళి, ఒక్కసారికే తలుపు పిడి పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి నా వైపు, అంటే నా చెవి వైపు, చూసి టోపీ ఎత్తాడు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనా భయంతోనా అని అడిగితే అప్పుడూ చెప్పలేను, ఇప్పుడూ చెప్పలేను.

జులైలో వానలు మొదలయ్యాయి. మా దగ్గర వాన మధ్యాహ్నం వస్తుంది. కొండల మీద మబ్బులు పేర్చుకుని, ఒక్క గంట దంచి, వెళ్ళిపోతుంది. పొద్దున కారు తీస్తే వాన వచ్చేలోపు తిరిగి రావాలని మా ఇద్దరి మధ్య మాట. అతను ఇప్పుడు రోజూ వెళ్తున్నాడు. మేకుల కోసం, పోస్టు కోసం, ఏమీ లేకపోతే గాలి కోసం. నన్ను రమ్మనేవాడు కాదు. నేను అడిగేదాన్ని కాదు.

ఆ రోజు వాన వచ్చింది, అతను రాలేదు. కిటికీ దగ్గర నిలబడ్డాను. ముంగిలంతా నీళ్ళు కదులుతున్నాయి, ఇల్లే ఎక్కడికో తేలిపోతున్నట్టు. ఎలోయిసా కూడా ఆ వేళ మా ఇంట్లోనే చిక్కుకుపోయింది. ఎప్పుడూ ఆగని నోరు ఆ గంటసేపూ ఆగింది. ఒక్కసారి మాత్రం అంది. "వాడు నా మొహం చూసి మాట్లాడి ఎన్నాళ్ళయిందో."

"నీక్కూడా చెవేనా వదినా?"

"నాకు నుదురు," అంది.

వాన ఆగాక కారు వచ్చింది. నడిచే మనిషి కంటే నెమ్మదిగా వచ్చింది. అమదేయో దిగి, మాకేమీ చెప్పకుండా వెళ్ళి మంచం మీద పడుకున్నాడు. నేను బయటికి వెళ్ళి చూశాను. ముందు బంపరు కుడిమూల చెక్కుకుపోయింది. నేను తెప్పించిన నలుపు మీద పసుపుపచ్చ రంగు గీత, మూరెడు పొడుగున. మా రోడ్ల పక్కన పసుపు రంగు పూసి ఉన్నది ఒక్క వాగు వంతెన కమ్మీకే. వానాకాలంలో పిల్లలు నీళ్ళు చూడటానికి వరసగా ఆనుకుని నిలబడేది ఆ కమ్మీనే.

మర్నాడు బెలార్మినో దగ్గర యంత్రం మళ్ళీ అడిగి తెచ్చాను. ఇసుక కాగితంతో ఆ పసుపు రుద్దుతూ కూర్చున్నాను. అమదేయో వచ్చి బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. కాలువలో కొత్త నీటి చప్పుడు వినిపిస్తోంది.

"ఆ కమ్మీ ఎప్పుడూ అక్కడే ఉండేది," అన్నాడు.

"ఇప్పుడూ అక్కడే ఉంది."

"చప్పుడయ్యాక ఆపాను. దిగి చేత్తో తడిమి చూశాను. కమ్మీకి ఏమీ కాలేదు."

నేను రుద్దడం ఆపలేదు. "అక్కడెవరైనా ఉన్నారా?"

అతను టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళపాటు ప్రతి మలుపులోనూ ఎంతమంది పిల్లలున్నారో లెక్కపెట్టుకున్న మనిషి చాలాసేపు ఆలోచించాడు.

"తెలీదు," అన్నాడు.

నేను యంత్రం పెట్టి ఆ మూలను మళ్ళీ నల్లగా చేశాను. అతను లేచి వెళ్ళిపోలేదు. నూనె గుడ్డ తనే అడిగి తీసుకుని, వేళ్ళతో అంచు వెతుక్కుంటూ, తనే రుద్దాడు.

తర్వాతి ఆదివారం చర్చికి బయలుదేరాం. ఎలోయిసా వెనక సీటులో ముందే ఎక్కి, ఆలస్యమవుతోందని కర్రతో నేల కొడుతోంది. అమదేయో కారు పక్కన నడిచాడు. వెనకనుంచి మొదలుపెట్టి, నల్లటి పట్టీ మీద వేళ్ళు ఆనించి, ముడతపడ్డ చోటు తగిలితే ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచాడు. డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చాడు. దాటేశాడు. కారు ముందు నుంచి చుట్టి వచ్చి, నేను నిలబడి ఉన్న వైపు తలుపు తీసి, నన్ను కొంచెం పక్కకు జరగమని, కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు.

తాళాలు నా వైపు చాపి పట్టుకున్నాడు.

నేను అవతలికి వెళ్ళి కూర్చున్నాను. సీటు వెచ్చగా ఉంది, ఎండకి.

"ఎడంకాలు క్లచ్. మొత్తం తొక్కు. కోడిగుడ్డు మీదినుంచి తీసినట్టు తియ్యి," అన్నాడు. అతని గొంతులో తేడా ఏమీ లేదు.

"దేవుడి దగ్గరికి ఇవాళ అందరం ఒకేసారి వెళ్తామన్నమాట," అంది ఎలోయిసా.

కారు కప్పలా గెంతి ఆగిపోయింది. మళ్ళీ గెంతింది. మేం చేరేసరికి ప్రార్థన అయిపోయి జనం బయటికి వస్తున్నారు. మమ్మల్ని చూసి మెట్ల మీదే నిలబడిపోయారు. కారు ఎవరు నడుపుతున్నారో చూశారు, పక్కన ఎవరు కూర్చున్నారో చూశారు. బెలార్మినో మాత్రం టోపీ తీసి, "గోడలు జాగ్రత్త వదినా, పాతవి!" అని అరిచాడు. అప్పుడు అందరూ నవ్వారు. అమదేయో కూడా నవ్వాడు. ఆ రోజు ఇంటికి వచ్చాక మాత్రం అన్నం తినలేదు. ఆప్రికాట్ చెట్టు కింద, రాలిన పళ్ళ మధ్య కూర్చుని సాయంత్రం దాకా లేవలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. పళ్ళ మీద తేనెటీగలు తిరుగుతున్నాయి.

"అవతలి సీటులోంచి చూస్తే ఈ లోయ వేరేలా ఉంది," అన్నాడు చివరికి.

"ఎలా ఉంది?"

"పెద్దగా."

ఆగస్టంతా నేర్చుకున్నాను. ఊరు మొత్తం ఇప్పుడు నాకోసం రోడ్డు దిగి నిలబడేది. ఆ నిలబడటంలో ఇంతకు ముందున్న గౌరవం లేదు, ప్రాణభయం ఉంది. పరీక్ష కోసం ఎలోయిసా నాకు ప్రశ్నలు చదివి వినిపించేది, నేను తప్పు చెబితే కర్రతో కాలి మీద పొడిచేది. మొదటిసారి తప్పాను. రెండోసారి లైసెన్సు వచ్చింది. ఫొటోలో దొంగలా ఉన్నానని అమదేయో అన్నాడు. "నీకెలా తెలుసు?" అంటే, "లైసెన్సు ఫొటోల్లో అందరూ దొంగలే," అన్నాడు.

సెప్టెంబరులో అతన్ని శాంటా ఫేకి, కళ్ళ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆమె చిన్నపిల్ల. దీపం వేసి చాలాసేపు చూసింది. నడిమధ్య పోయిన చూపు తిరిగి రాదని, పక్కల చూపు మాత్రం నిలుస్తుందని, ఏదీ దాచకుండా చెప్పింది. అమదేయో చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నాడు.

"అయితే నేను ఎవర్నైనా చూడాలంటే పక్కకి చూడాలన్నమాట," అన్నాడు.

"అవునండీ."

"మా ఆవిడని అలాగే చూస్తున్నాలే," అన్నాడు. ఆ డాక్టరమ్మాయి నా వైపు చూసింది. అంతవరకూ నాకు అర్థం కాలేదు. నా చెవి వైపు చూసినప్పుడల్లా అతను నా మొహం వెతుక్కుంటున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు పెద్ద రోడ్డు దిగి మా లోయలోకి తిరిగాక అతను వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. "ఇప్పుడు ఎడమకి వంపు," అన్నాడు. నిజమే, వంపు వచ్చింది. "ఇక్కడ ఆర్చులేటా కవలలు ఎక్కేవాళ్ళు. ఇద్దరికీ కలిపి మూడు బూట్లు ఉండేవి ఎప్పుడూ." ఇంకొంచెం ముందుకు వెళ్ళాక, "ఇక్కడ ఒఫేలియా. ఎక్కగానే నిద్రపోయేది. దించేటప్పుడు భుజాన వేసుకుని వాళ్ళమ్మకి ఇచ్చేవాణ్ణి." ప్రతి మలుపు దగ్గరా ఒక పేరు చెబుతూ వచ్చాడు. కళ్ళు తెరవలేదు. నాకు ఖాళీ గేట్లు, మూసిన ఇళ్ళు కనిపిస్తున్నాయి. కారు నిండా మాత్రం పిల్లలున్నట్టే అనిపించింది. అద్దంలో వెనక్కి చూడాలనిపించినా చూడలేదు.

పాత పిండిమర దాటాక రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమది మా ఇంటికి. కుడిది మట్టిదారి, మిట్ట మీదికి వెళ్తుంది. ఎందుకో నేను కుడికి తిప్పాను. చక్రాల కింద చప్పుడు మారగానే అమదేయో నిటారుగా కూర్చున్నాడు.

"ఇది మన దారి కాదు."

"కాదు."

"ఇటు పిల్లలెవరూ లేరు. బస్సు ఇటు రాలేదెప్పుడూ." అతని చెయ్యి తలుపు పిడిని పట్టుకుంది. "ఈ దారి నాకు తెలీదు ఒర్లిందా."

"నాకూ తెలీదు. వెనక్కి తిప్పనా?"

కారు నెమ్మదిగా మిట్ట ఎక్కుతోంది. పొద్దు వాలుతోంది. అతను కిటికీ అద్దం దింపాడు. మొహం బయటికి పెట్టి గాలి పీల్చాడు.

"ఏముంది ముందు?" అన్నాడు.

"పసుపుపచ్చ పూలు. రెండు వైపులా చమిసా పొదలు. మోకాలి ఎత్తు ఉన్నాయి. దారి వాటి మధ్యనుంచి పోతోంది."

"తర్వాత?"

"తర్వాత ఒక కంచె. సగం పడిపోయింది. దాని అవతల ఏదో నిలబడి ఉంది. గుర్రం అనుకుంటా."

"ఏం రంగు?"

పొద్దు సూటిగా నా కళ్ళలో పడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. "తెలియడం లేదు," అన్నాను. "ఆగు, దగ్గరికి వెళ్ళాక చెప్తాను."